చీటీ లేని సవరణ

2003 జూన్‌లో పసిఫిక్ మహాసముద్రంలోని ఒక చిన్న దీవి శాసనసభలో నాకు ఉద్యోగం వచ్చింది. ఆ దీవి అమెరికా జెండా కింద ఉంది కానీ రాష్ట్రం కాదు. దానికి సొంత శాసనసభ, సొంత గవర్నర్, సొంత కోర్టులు ఉన్నాయి. కారులో బయల్దేరితే రెండు గంటల్లో చుట్టి రావచ్చు. మా ఆయనకు అక్కడి ఆసుపత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్ పని దొరికింది కాబట్టి వెళ్ళాం. నాకు మొదట శాసనసభ గ్రంథాలయంలో పుస్తకాలు అరల్లో సర్దే పని ఇచ్చారు. రెండేళ్ళ తరవాత తుది ప్రతుల బల్లకు మార్చారు. నేను చెప్పబోయే సంగతి 2006 ఏప్రిల్‌లో జరిగింది.

ఇప్పుడు అమెరికాలోనే షామ్‌బర్గ్ అనే ఊళ్ళో ఉంటున్నాం. ఇదివరకు ఏం చేసేవారని ఇక్కడి మనవాళ్ళు అడిగితే శాసనసభలో పనిచేశానంటాను. వెంటనే ఐటీ సైడా అంటారు. కాదు, బిల్లులు అంటే, అయితే లా చదివారా అంటారు. లా చదవలేదు. ఇంటర్‌తో చదువు ఆగిపోయింది. తెనాలిలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో పదకొండేళ్ళు ప్రూఫులు దిద్దాను. మిగిలినదంతా గ్రంథాలయాల్లో కూర్చుని నేర్చుకున్నదే. ఆ దీవిలో అరలు సర్దుతూనే సభా నియమాల పుస్తకం, దాని మీద వచ్చిన వ్యాఖ్యానాలు, పాత జర్నళ్ళు వరసగా చదివాను. అర్థం కానివి నోట్‌బుక్‌లో ఎక్కించుకుని మళ్ళీ చదివాను. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ మొహమాటం లేదు.

తుది ప్రతి అంటే ఏమిటో ముందు చెప్పాలి. సభలో బిల్లు మీద చర్చ జరుగుతున్నప్పుడు సభ్యులు సవరణలు ప్రతిపాదిస్తారు. కొన్ని ఓటుకు వస్తాయి. ఎక్కువ భాగం స్పీకర్ “అభ్యంతరం ఉందా?” అని అడిగి, ఎవరూ లేవకపోతే “అలాగే చేర్చండి” అనడంతో అయిపోతాయి. ప్రతి సవరణనూ పసుపుపచ్చ చీటీ మీద రాసి క్లర్క్ బల్లకు, అంటే నేను కూర్చునే చోటికి, అందించడం ఆనవాయితీ. చివరికి బిల్లును “సవరణలతో సహా” ఓటుకు పెడతారు. అది గెలిచాక ఆ సవరణలన్నీ సరైన చోట చేర్చి శుభ్రమైన ప్రతి ఒకటి తయారుచేయాలి. అదే తుది ప్రతి. దాని మీద స్పీకర్, శాసనసభ క్లర్క్ సంతకాలు చేస్తే గవర్నర్‌కు వెళుతుంది.

మన దగ్గర గవర్నర్‌ను ఢిల్లీ నుంచి నియమిస్తారు. అక్కడ జనమే ఎన్నుకుంటారు. బిల్లు తన ఆఫీసుకు చేరాక ఆదివారాలు తీసేసి పది రోజుల్లో ఆయన సంతకం పెట్టవచ్చు, తిప్పి పంపవచ్చు. ఏదీ చేయకపోతే సంతకం లేకుండానే అది చట్టం అవుతుంది. ఆ తరవాత ఎవరైనా కోర్టుకెళ్తే, కోర్టు తుది ప్రతిని మాత్రమే చూస్తుంది. సభలో ఎవరు ఏమన్నారో తవ్వదు. అంటే నా బల్ల మీద రాలిపోయిన వాక్యం చట్టంలోంచి రాలిపోయినట్టే.

ఆ ఏప్రిల్‌లో సభ ముందున్నది దక్షిణ తీరంలోని ఒక ఉప్పునీటి అఖాతంలో చేపల వేటను పూర్తిగా నిషేధించే బిల్లు. అది స్పీకర్ సొంత బిల్లు. పడవల వాళ్ళు అఖాతాన్ని ఊడ్చేస్తున్నారని, కొన్నేళ్ళు వదిలేస్తే తప్ప చేప మిగలదని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. ఆ ఒడ్డున ఒక ఊరు ఉంది. ఏటా ఏప్రిల్, మే నెలల్లో, మన లెక్కలో బహుళ అష్టమి ప్రాంతంలో, వేలెడంత చేపలు గుంపులు గుంపులుగా ఒడ్డుకు వస్తాయి. ఊరివాళ్ళు మోకాటి లోతు నీళ్ళలో నిలబడి విసురువలలతో పడతారు. ఉప్పులో ఊరబెట్టి ఏడాదంతా వాడుకుంటారు. ఆ ఊరి నుంచి వచ్చిన సభ్యురాలిని అందరూ ఆంటీ రోసా అనేవారు. అప్పటికి ఆవిడకు డెబ్బై ఒకటి. ప్రతిపక్షంలో ఉండేది. స్పీకర్ కూడా సభ బయట ఆవిడను ఆంటీ అనే పిలిచేవారు.

బిల్లు ఓటుకు వచ్చింది ఒక మంగళవారం. సవరణ చీటీలు ఆరు నా దగ్గరకు చేరాయి. వాటిని సభ్యులకు పంచడానికి నేను జిరాక్స్ గదికి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఓటు అయిపోయింది, బిల్లు గెలిచింది, అందరూ లేచి నిలబడి ఉన్నారు. పాత స్పీకర్ ఒకాయన ఆసుపత్రిలో పోయారని అప్పుడే కబురు వచ్చిందట. ఆయన గౌరవార్థం స్పీకర్ సభకు విరామం ప్రకటించి, తాను పిలిచినప్పుడు మళ్ళీ కూడుతుందని చెప్పి వెళ్ళిపోయారు.

తుది ప్రతి చేసే ముందు సభ టేపు మొదటి నుంచి చివరిదాకా వినాలి. నాకు ముందున్నావిడ అలాగే చేసేది, ఒక్కో బిల్లుకు మూడు రోజులు పట్టేది. నేను ఒక్క రోజులో పూర్తిచేసేదాన్ని. ప్రూఫులు దిద్దిన కన్ను నాది, చీటీలు చూస్తే చాలు, అనుకునేదాన్ని. నా వేగం గురించి ఆ భవనంలో చెప్పుకునేవారు. ఆ మాట వినడం నాకు ఇష్టంగా ఉండేది. ఆరు చీటీలు, ఆరు సవరణలు, సరిపోయింది. శుక్రవారానికి సంతకాలు పూర్తయి బిల్లు గవర్నర్ ఆఫీసుకు చేరింది.

మళ్ళీ మంగళవారం పొద్దున జర్నల్ రాయడానికి టేపు పెట్టాను. జర్నల్ అంటే సభలో జరిగినదాని అధికారిక నమోదు. దానికి ఎవరైనా టేపు వినాల్సిందే. ఆరో సవరణ అయింది. తరవాత ఆంటీ రోసా గొంతు వినిపించింది. ఏడో సెక్షన్ చివర ఒక వాక్యం చేర్చమంటోంది. ఆ రెండు నెలల్లో, చేపలు ఒడ్డుకు వచ్చే రోజుల్లో, ఆ ఊరివాళ్ళు ఒడ్డున నిలబడి విసురువలతో పట్టుకోవడానికి ఈ నిషేధం వర్తించదు. వాక్యాన్ని పూర్తిగా, తాపీగా చదివింది. కాగితమేదో విప్పుతున్న చప్పుడు. స్పీకర్ గొంతు: “అభ్యంతరం ఉందా? లేదు. అలాగే చేర్చండి.” వెంటనే ఓటు.

టేపు మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. నాలుగోసారి తిప్పబోయి ఆపేశాను. లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాను. ఏడో చీటీ ఎక్కడైనా పడిపోయిందేమోనని సొరుగులన్నీ వెతికాను. చీటీ లేదు. ఆవిడ రాసివ్వనే లేదు.

శాసనసభ క్లర్క్ మాన్యుయెల్‌గారు మా పైఅధికారి. గుమస్తా కాదు, మన సభల్లో కార్యదర్శి లాంటి హోదా. ఆయన గదికి వెళ్ళి చెప్పాను. ఆయన కూడా టేపు విన్నారు. గవర్నర్ శుక్రవారం ఆ అఖాతం ఒడ్డునే చిన్న సభ పెట్టి సంతకం చేయబోతున్నారని, కుర్చీలకు కూడా చెప్పేశారని అన్నారు. తరవాత తలుపు వేసి వచ్చారు.

“మిస్ సుగు, చీటీ రాలేదు. కాబట్టి తప్పు నీది కాదు. అక్కడితో వదిలెయ్,” అన్నారు. నా పేరును అక్కడ అలా కుదించి పిలిచేవారు.

ఆయన మంచికే చెప్పారు. నా ఉద్యోగాన్ని ఏటా జూన్‌లో పొడిగించాలి, ఆ కాగితం మీద సంతకం స్పీకర్‌ది. మిగతా సభ్యులతో బిల్లుల గురించి సిబ్బంది సొంతంగా మాట్లాడటానికి వీల్లేదు, మాట్లాడితే అదే రోజు ఇంటికి. కాబట్టి ఆంటీ రోసాకు చెప్పడమనే దారి లేదు. వదిలేస్తే నన్ను ఎవరూ ఏమీ అనరు. ఆ ఊరివాళ్ళు మాత్రం వచ్చే వారం వలలు పట్టుకుని నీళ్ళలో దిగితే నేరస్థులవుతారు. వాళ్ళకు ఆ సంగతి తెలియదు.

ఆ దీవిలో మనిషి పోతే తొమ్మిది రోజులు మధ్యాహ్నం, సాయంత్రం జపమాల ప్రార్థన చేస్తారు. వచ్చినవాళ్ళందరికీ భోజనం పెడతారు. పోయినాయన పాత స్పీకర్ కాబట్టి శాసనసభ సిబ్బంది వంతులవారీగా వెళ్ళి వడ్డించాం. ఆ మంగళవారం మధ్యాహ్నం వంతు నాది. అన్నం గిన్నె దగ్గర నిలబడ్డాను. వరసలో ఆంటీ రోసా వచ్చింది.

“నువ్వు తినడానికి ఇక్కడ వంకాయ తప్ప ఏమీ లేదు కదా. మేకలా ఎలా బతుకుతావు తల్లీ?” అంది.

నవ్వాను. ఆవిడ పళ్ళెం పట్టుకుని కదల్లేదు. వచ్చే వారం తమ ఊరు రమ్మంది. వలలన్నీ బాగుచేసుకున్నారట. “మా అన్నకి ఎనభై రెండు. నడుము వంగదు. అయినా నీళ్ళలోకి దిగుతానంటాడు. దిగు, చట్టంలో నీకోసమే ఒక లైన్ పెట్టించానని చెప్పాను,” అంది.

ఇంకొంచెం అన్నం వేయనా అని మాత్రం అడిగాను.

సాయంత్రం ఇంటికి వెళ్ళకుండా కారులో దక్షిణం రోడ్డు పట్టాను. ఎందుకు వెళ్ళానో చెప్పలేను. అఖాతం పక్కన పెరళ్ళలో వలలు ఆరేసి ఉన్నాయి. కారు ఆపలేదు. దీవి అంతా తిరిగి ఇల్లు చేరాను. భోజనాల దగ్గర మా ఆయనకు మొత్తం చెప్పాను. ఆయన మొదట మాన్యుయెల్‌గారి మాటే అన్నారు. ఆ పెద్దావిడ రాసివ్వకపోతే నీ నెత్తిన ఎందుకు పడాలి, జూన్‌లో రెన్యూవల్ ఉంది కదా అన్నారు.

“చీటీ అక్కర్లేదండీ. స్పీకర్ అడిగితేనే ఇవ్వాలని రూల్‌లో ఉంది. ఆయన అడగలేదు,” అన్నాను.

“ఆ రూల్ ఆ బిల్డింగ్‌లో ఎంతమంది చదివుంటారు?”

“నేను చదివాను.”

“అదే వచ్చిన చిక్కు,” అని మజ్జిగ పోసుకున్నారు. కాసేపటికి, నువ్వు ఎలాగూ చెప్పేస్తావు కానీ మర్యాదగా కాగితం మీద పెట్టు, నోటితో చెబితే ఎవడికి తోచినట్టు వాడు మార్చుకుంటాడు అన్నారు. ల్యాబ్ రిపోర్టులు రాసే మనిషి కదా.

బుధవారం పొద్దున్నే గ్రంథాలయం తెరిపించాను. ఇలాంటి పొరపాటును దిద్దడానికి రెండు దారులున్నాయని చదివిన గుర్తు ఉంది. పేజీలు వెతికి పట్టుకున్నాను. మొదటిది పునఃపరిశీలన. బిల్లును గవర్నర్ నుంచి వెనక్కి తెప్పించి మళ్ళీ సభ ముందు పెట్టడం. అప్పుడు బిల్లు మొత్తం మళ్ళీ తెరుచుకుంటుంది, ప్రతి సవరణా మళ్ళీ గెలవాలి. పదిహేనుమంది సభలో స్పీకర్ పక్షానికి తొమ్మిది మంది ఉన్నారు. ఈసారి ఆంటీ రోసా వాక్యం గెలవదు. రెండోది దిద్దుబాటు తీర్మానం. సభ నిర్ణయం సరిగానే ఉంది, రాతలో క్లర్క్ బల్ల పొరబడింది, దాన్ని మాత్రం దిద్దండి అని సభ చెప్పడం. బిల్లులో ఇంకే అక్షరాన్నీ ముట్టుకోకూడదు. అయితే పొరపాటు తమదేనని ఆ బల్ల నుంచి రాతపూర్వకంగా రావాలి.

అప్పుడు అర్థమైంది. చీటీ రాలేదు అని నేను రాస్తే నాకు రక్షణ. కానీ అలా రాసిన క్షణంలో అది బల్ల పొరపాటు కాకుండా పోతుంది, సవరణే సరిగా జరగలేదన్న వాదన అవుతుంది, రెండో దారి మూసుకుపోతుంది. నాలుగు వాక్యాలు రాశాను. సవరణ సభలో ఆమోదం పొందింది. టేపు వినడం నా విధి. వినకుండా తుది ప్రతి తయారుచేశాను. పొరపాటు నాది. కింద సంతకం పెట్టి మాన్యుయెల్‌గారికి ఇచ్చాను. ఆయన చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, నన్ను వెంటబెట్టుకుని స్పీకర్ గదికి తీసుకెళ్ళారు.

స్పీకర్ కాగితం చదివి పక్కన పెట్టారు. “చీటీ వచ్చిందా?”

“రాలేదు సర్. మీరు అడగలేదు. అలాగే చేర్చండి అన్నారు.”

“ఇందులో పొరపాటు నాది అని రాశావు. మీ బల్లది అంటే సరిపోతుంది కదా?”

“ఆ బల్ల దగ్గర నేనొక్కదాన్నే సర్.”

ఆయన కుర్చీలోంచి లేచి గదిలో అటూ ఇటూ నడిచారు. అలాగే చేర్చండి అన్నప్పుడు తన చేతిలో చావు కబురు కాగితం ఉందని, పోయినాయనే తనకు ఈ పని నేర్పారని, ఆ నిమిషంలో తాను సభలో ఉన్నట్టే కాదని చెప్పారు. ఆ వాక్యం విని ఉంటే ఎవరినో ఒకరిని లేపి అభ్యంతరం చెప్పించేవాణ్ణి అన్నారు. ఇవన్నీ నాకు చెబుతున్నట్టు అనిపించలేదు. మేమిద్దరం నిలబడే ఉన్నాం. చివరికి, “టేపులో మాత్రం ఉన్నాను,” అన్నారు.

తరవాత పని మాటల్లోకి వచ్చారు. కొత్తగా సభ పిలవాలంటే అయిదు పనిదినాల ముందు ప్రకటన ఇవ్వాలి, గవర్నర్ సంతకం శుక్రవారం, వీలు కాదు కదా అన్నారు. నేను చెప్పాను: సభ వాయిదా పడలేదు, విరామంలో ఉంది. వాయిదా వేస్తేనే శాసనసభ లెక్కలో ఆ రోజు ముగుస్తుంది. విరామమైతే ఎన్ని రోజులు గడిచినా అది ఇంకా అదే మంగళవారం. మీరు పిలిస్తే చాలు, ప్రకటన అక్కర్లేదు. మాన్యుయెల్‌గారు పుస్తకంలో ఆ పేజీ తీసి చూపించారు. స్పీకర్ దాన్ని రెండుసార్లు చదివి, గురువారం ఖననం కాగానే కూడదాం అన్నారు. నేను తలుపు దాకా వచ్చాక, “నీ కాగితం సభలో చదవాల్సి వస్తుంది,” అన్నారు.

గురువారం మధ్యాహ్నం సభ్యులు శ్మశానం నుంచి నేరుగా వచ్చారు. అందరూ నల్లబట్టల్లో ఉన్నారు, బూట్లకు మట్టి అంటుకుని ఉంది. పదిహేనుమందిలో పదిమంది వచ్చారు. ఎనిమిదిమంది ఉంటే కోరం. స్పీకర్ నా కాగితం పేరుతో సహా చదివారు. నేను ఆయన వేదిక కిందే, సభ్యులకు ఎదురుగా కూర్చుని ఉన్నాను. అది నా సీటు. ఎటు చూడాలో తెలియక ఎదురుగా గోడ గడియారం చూశాను. ఆంటీ రోసా మొహం నేను చూడలేదు.

స్పీకర్ పక్షం నాయకుడు లేచి, చీటీ లేకుండా సవరణ ఎలా అవుతుందని అడిగారు. సవరణ వచ్చిన రోజు ఆ నిమిషంలో ఆయన సభలో లేరు, కాబట్టి అడ్డుకోలేకపోయానన్న బాధ ఆయనకుంది. “చీటీ అధ్యక్షుడు అడిగితేనే. అధ్యక్షుడు అడగలేదు. సవరణ చెల్లుతుంది,” అని స్పీకర్ నిర్ణయం చెప్పారు. ఆ నాయకుడు నిర్ణయం మీద సభకు అప్పీలు చేశారు. అలా చేస్తే సభ ఓటు వేసి నిర్ణయాన్ని నిలబెట్టడమో కొట్టేయడమో చేయాలి. పేర్లు పిలిచాం. నిలబెట్టమని నలుగురు, కొట్టేయమని అయిదుగురు. స్పీకర్ పేరు చివర పిలుస్తారు. నియమాల ప్రకారం ఆయన ఓటు వేయకుండా ఉండిపోవచ్చు. అలా ఉంటే నిర్ణయం పడిపోతుంది, తన బిల్లు ఏ మినహాయింపూ లేకుండా శుక్రవారం చట్టమవుతుంది, ఎవరూ ఆయన్ని తప్పుపట్టలేరు. మాన్యుయెల్‌గారు పేరు పిలిచారు. నేను పెన్ను పట్టుకుని ఎదురుచూశాను.

“నిలబెట్టాలి,” అన్నారు స్పీకర్.

అయిదు, అయిదు. ఓట్లు సమానమైతే అధ్యక్షుడి నిర్ణయం నిలుస్తుంది. ఆ తరవాత తీర్మానానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. అంతా పదకొండు నిమిషాల్లో అయిపోయింది. శుక్రవారం పొద్దున మాన్యుయెల్‌గారు స్వయంగా గవర్నర్ ఆఫీసుకు వెళ్ళి పాత ప్రతి వెనక్కి తెచ్చారు. ఈసారి నేను టేపు మొత్తం విన్నాను. సోమవారం కొత్త ప్రతి వెళ్ళింది. గవర్నర్ తన ఆఫీసులోనే సంతకం పెట్టారు.

సభ లేచాక ఆంటీ రోసా నా బల్ల దగ్గర ఆగింది. నేను లేచి నిలబడ్డాను. క్షమాపణ చెప్పబోయాను.

“నాకేదో మేలు చేశానని అనుకోకు. నీ పని నువ్వు వారం ఆలస్యంగా చేశావు,” అంది. కర్ర తాటించుకుంటూ వెళ్ళిపోయింది. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

నా ఫైల్లో మందలింపు లేఖ ఒకటి చేరింది. జూన్‌లో ఉద్యోగం ఏడాదికి బదులు ఆర్నెల్లకు పొడిగించారు. డిసెంబర్ దాకా రోజూ సంచిలో రాజీనామా కాగితం రాసి పెట్టుకుని తిరిగినట్టే ఉండేది. తరవాత మామూలయింది. 2015లో రిటైరయ్యేదాకా అక్కడే పనిచేశాను. ఒక్కో తుది ప్రతికి మూడు రోజులు తీసుకున్నాను. నా వేగం గురించి మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు. ఆ ఏడు అఖాతంలోకి చేపలు పెద్దగా రాలేదని, ఊరివాళ్ళు రెండు రోజులు నీళ్ళలో నిలబడి వచ్చేశారని తరవాత విన్నాను.

నేను నేర్చుకున్నది ఇది. చీటీ రాలేదన్న మాట అబద్ధం కాదు. అందుకే దానితో అంత ప్రమాదం. అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టుకునేవారు. నిజమైన సాకును ఎవరూ ప్రశ్నించరు. శాసనసభలో ప్రతి కాగితం తరవాతి కాగితానికి ఆధారం. పొరపాటు ఎవరిదని రాస్తామో దాన్నిబట్టే దాన్ని దిద్దే అధికారం ఎవరికైనా ఉందో లేదో తేలుతుంది. పొరపాటు నాది అని రాస్తే సభ దాన్ని దిద్దగలిగింది. ఎవరిదీ కాదని రాసి ఉంటే ఆ పొరపాటే చట్టమయ్యేది.